వార్తల్లో వరుసలు తప్పుతున్నాయి

సంపాదకులకు నమస్కారం.

పెళ్లితో కలిసిన చుట్టరికాలు మన పత్రికల్లో ఎక్కడో ఒకచోట తారుమారవుతూనే ఉన్నాయి. ఏజెన్సీ కాపీలో ‘బ్రదర్ ఇన్ లా’ అని ఉంటే తెలుగులో ‘బావమరిది’ అని పడిపోతుంది. ‘సిస్టర్ ఇన్ లా’ అయితే ‘వదిన’, ‘నెఫ్యూ’ అయితే ‘మేనల్లుడు’, ‘కజిన్’ అయితే ‘సోదరుడు’. పేజీ వదలాల్సిన వేళకు సబ్‌ఎడిటర్ పడే తొందర అర్థం చేసుకోదగ్గదే. అయితే ఇది భాషాభిమానం కొద్దీ పెట్టుకున్న పంచాయితీ కాదు. వరుస మారితే వార్తలో మనిషే మారిపోతాడు.

వేధింపుల కేసు ఒకటి తీసుకోండి. బాధితురాలు స్టేషన్లో ‘మా ఆడపడుచు, మా తోడికోడలు కలిసి నన్ను ఇంట్లోంచి గెంటేశారు’ అని చెబుతుంది. ఫిర్యాదులో ఆ మాటలే ఉంటాయి. కేసు హైకోర్టుకు వెళ్లాక ఇంగ్లిషు ఉత్తర్వులో ఇద్దరూ ‘సిస్టర్ ఇన్ లా’లే. మూడో నిందితురాలు, నాలుగో నిందితురాలు అన్న అంకెలే తేడా. దాన్ని చూసి రాసిన తెలుగు వార్తలో ఇద్దరూ ‘వదినలు’ అవుతారు. పెళ్లయిన ఆడమనిషికి వదిన అనగానే ముందు తోచేది పుట్టింటి వదిన, అంటే ఆమె అన్న భార్య. భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్ (పాత ఐపీసీ 498ఎ) భర్త మీద, భర్త బంధువుల మీద పెట్టేది. బంధువు అంటే రక్తసంబంధం వల్లగానీ, పెళ్లి వల్లగానీ, దత్తత వల్లగానీ అయినవారేనని సుప్రీంకోర్టు 2009లో ఒక తీర్పులో చెప్పింది. ఆడపడుచేమో భర్తకు రక్తసంబంధి, తోడికోడలు పెళ్లితో అయిన బంధువు. వీళ్ల సంగతి సరే, అన్న భార్య ఈ కేసులోకి ఎందుకొచ్చిందో పాఠకుడికి అంతుపట్టదు. వాళ్ల ఊళ్లో మాత్రం ఆ నిజమైన వదినను జనం అదోలా చూస్తారు.

ఇలాంటిదే ‘ఇన్ లాస్’ అన్న మాట. దీన్ని ‘అత్తమామలు’ అని రాసేస్తున్నారు. ఉత్తర్వులో ఆ మాటకు ఆడపడుచులు, మరుదులు సహా భర్త తరఫు అందరూ అని అర్థం ఉండొచ్చు. కేసులో పేరే లేని ముసలాయన పత్రికలో నిందితుడైపోతాడు. దీనికి తెలుగులో చక్కగా ‘అత్తింటివారు’ అన్న మాట ఉండనే ఉంది. అత్తా మామా ఇద్దరే అని తేలినప్పుడే ‘అత్తమామలు’ రాయాలి.

‘బ్రదర్ ఇన్ లా’ అన్న ఒక్క మాట కింద తెలుగులో ఎనిమిది చుట్టరికాలు ఇరుక్కుని ఉన్నాయి. భార్య అన్న, భార్య తమ్ముడు ఇద్దరూ బావమరుదులే; పెద్దవాణ్ని పిలిచేటప్పుడు బావ అంటారు. భర్త అన్న బావగారు, భర్త తమ్ముడు మరిది. అక్క మొగుడు ఎవరికైనా బావే. చెల్లెలి మొగుడు మగవాడికి బావమరిది, ఆడమనిషికి మరిది. మర్యాద కొద్దీ అతన్నీ బావ అనే ఇళ్లున్నాయి. భార్య అక్కచెల్లెళ్ల భర్త తోడల్లుడు. ఎనిమిదోవాడు ఆడపడుచు భర్త. ఇతనికి విడిగా పేరు లేదు, అన్నయ్యో తమ్ముడో అవుతాడు. ‘సిస్టర్ ఇన్ లా’ వైపూ లెక్క ఎనిమిదే. భార్య అక్క వదిన, భార్య చెల్లెలు మరదలు. అన్న భార్య వదిన, తమ్ముడి భార్య మరదలు. భర్త అక్కా చెల్లెలూ ఆడపడుచులు. భర్త అన్నదమ్ముల భార్య తోడికోడలు. భార్య అన్నదమ్ముల భార్య మాత్రం అక్క వరుసో చెల్లెలి వరుసో అవుతుంది. ఎక్కువగా తప్పు పడేది ఈ ఆఖరిదే. ‘బావమరిది భార్య’ను వదిన అనో మరదలు అనో రాస్తే, వినడానికి చిన్న తేడాలాగే ఉంటుంది, కానీ చెల్లెలి వరుస మనిషిని సరసమాడే వరుసలోకి నెట్టినట్టవుతుంది.

ఇవన్నీ బట్టీ పట్టనక్కర్లేదు. తెలుగు వరుసలన్నిటికీ అడుగున ఒకే విభజన ఉంది. నాన్న అన్నదమ్ములు నాన్న వరుస, అమ్మ అక్కచెల్లెళ్లు అమ్మ వరుస. వాళ్ల పిల్లలు మనకు తోబుట్టువులు. నాన్న తోడబుట్టిన ఆడవాళ్లు అత్తలు, అమ్మ తోడబుట్టిన మగవాళ్లు మామలు. వీళ్ల పిల్లలు మనకు బావలు, వదినలు, మరదళ్లు, బావమరుదులు. పెళ్లి కుదిరేది రెండో వైపే. మేనరికం కాకపోయినా, ముక్కూమొహం తెలియని సంబంధం చేసుకున్నా, తాళి కట్టిన నాటి నుంచి అవతలి కుటుంబమంతా మేనరికమే జరిగిందన్న లెక్కలోకి సర్దుకుంటుంది. పిల్లనిచ్చినాయన మామ కావడానికీ, అమ్మ అన్నదమ్ముడు మామ కావడానికీ కారణం ఒకటే.

కాబట్టి డెస్కులో గుర్తుంచుకోవాల్సింది ఇంతే. భార్యకు తోబుట్టువు వరుస అయినవాళ్లు భర్తకు బావ, వదిన వరుస. భార్యకు బావ, వదిన వరుస అయినవాళ్లు భర్తకు తోబుట్టువు వరుస. భర్త తరఫు నుంచి భార్యకూ అంతే. ఆమె అక్క అతనికి వదిన. ఆమె బావ, అంటే అక్క మొగుడు, అతనికి అన్న. ఆమె వదిన, అంటే అన్న భార్య, అతనికి అక్క. పై తరంలోనూ ఈ తిరగేతే. భార్యకు పెదనాన్న, బాబాయి అయినవాళ్లు భర్తకు మామలు. పెద్దమ్మ, పిన్ని అయినవాళ్లు అత్తలు. మరి భార్య మేనమామ? అతను భర్తకు మామ కాదు, పెదనాన్నో బాబాయో అవుతాడు. భార్య మేనత్త పెద్దమ్మో పిన్నో అవుతుంది. పెళ్లిపందిట్లో కొత్త అల్లుళ్లు తడబడేది ఇక్కడే, పక్కనుంచి ఏ పెద్దావిడో సవరిస్తుంది. కింది తరానికి వచ్చేసరికి తిరగేత పోతుంది. భార్య అన్న కొడుకు ఆమెకు మేనల్లుడు, అతనికీ అల్లుడి వరుసే. భార్య అక్క కొడుకు ఇద్దరికీ కొడుకు వరుసే. తాతల తరంలో ఈ రెండు వైపులన్న తేడాయే ఉండదు.

‘నెఫ్యూ’ గొడవ కూడా ఇక్కడే తేలిపోతుంది. మగవాడికి అక్కచెల్లెళ్ల కొడుకు మేనల్లుడు, అన్నదమ్ముల కొడుకు కొడుకు వరుస. ఆడమనిషికి సరిగ్గా దీనికి తలకిందులు. ఒక నాయకుడి అన్న కొడుకును ‘మేనల్లుడు’ అని రాస్తే, ఆ నాయకుడి కూతురికి అతను అన్న కావాల్సింది పోయి బావ అయిపోతాడు.

ఇక వయసు సంగతి. పెద్దా చిన్నా అన్నది ఎవరితో పోల్చి చూడాలి? మధ్యలో ఉన్న మనిషితో పోల్చాలి. అన్న భార్య నా కన్నా ఆరేళ్లు చిన్నదైనా వదినే, ఎందుకంటే ఆమె వచ్చింది అన్న ద్వారా. భార్య అక్క వయసులో భర్త కన్నా చిన్నదైనా వదినే. తోడికోడళ్లలో అక్క ఎవరో, చెల్లెలు ఎవరో నిర్ణయించేది భర్తల వయసు. అల్లుళ్లలో పెద్దల్లుడు పెద్దకూతురి మొగుడు, అతను చిన్నల్లుడి కన్నా చిన్నవాడైనా సరే. బావ, వదిన వరుసల్లో సొంత వయసు లెక్కకొచ్చేది మేనమామ, మేనత్త పిల్లల మధ్యే. ఇది తెలియక, ‘వదిన (22), మరిది (28)’ అని విలేకరి సరిగ్గా పంపిన వార్తను డెస్కులో అంకెలు చూసి ‘మరదలు, బావ’ అని దిద్దేవాళ్లున్నారు.

అందరికీ తెలిసిన ఉదాహరణే ఉంది. చంద్రబాబునాయుడు పుట్టింది 1950లో, దగ్గుబాటి పురందేశ్వరి పుట్టింది 1959లో. అయినా ఆమె భువనేశ్వరికి అక్క కాబట్టి ఆయనకు వదినే. ఆమె భర్త వెంకటేశ్వరరావు ఆయనకు తోడల్లుడు. భువనేశ్వరి సోదరుడు బాలకృష్ణ బావమరిది. బాలకృష్ణ కూతురు బ్రాహ్మణి, లోకేశ్‌ల పెళ్లితో ఆ బావమరిదే వియ్యంకుడు కూడా అయ్యారు. లోకేశ్‌కు బాలకృష్ణ మేనమామ, పిల్లనిచ్చిన మామ కూడా. ఒకే మనిషికి రెండు చుట్టరికాలు ఉన్నప్పుడు ఏ సందర్భానికి ఏది రాయాలో ఎంచుకోవాలి. పెళ్లి ముచ్చట్ల వార్తయితే వియ్యంకుడు, ఎన్‌టీఆర్ కుటుంబం గురించిన వార్తయితే బావమరిది. తెలంగాణలో హరీశ్‌రావు కేసీఆర్ సోదరి కొడుకు, అంటే మేనల్లుడు. 1972లో పుట్టిన ఆయన 1976లో పుట్టిన కేటీఆర్‌కు బావ. ఇంగ్లిషు పత్రికలకు వీళ్లిద్దరూ ‘కజిన్స్’. దాన్ని పట్టుకుని ‘సోదరులు’ అని రాస్తే తెలుగు చదివేవాళ్లు నవ్వుకుంటారు. ప్రముఖుల విషయంలో ఈ తప్పు వెంటనే దొరికిపోతుంది. పేరు తెలియని ఊళ్లో పేరు తెలియని మనుషుల మధ్య జరిగిన గొడవలో దొరకదు.

సరిచూసుకునే పద్ధతి ఒకటుంది. ప్రతి వరుసకూ ఒక ఎదురు వరుస ఉంటుంది. అత్తకు కోడలు, అల్లుడు. వదినకు మరిది, ఆడపడుచు, మరదలు. బావకు బావమరిది, మరదలు. తోడికోడలికి తోడికోడలే, తోడల్లుడికి తోడల్లుడే, వియ్యంకుడికి వియ్యంకుడే. శీర్షికలో పడిన జత ఇందులో కుదరకపోతే ఎక్కడో లెక్క తప్పినట్టే. ‘వదినను చంపిన బావ’ అన్నది కుదరని జత. వదినా పెద్దదే, బావా పెద్దవాడే. ఇద్దరూ ఒకరికొకరు అలా కాలేరు, మూడో మనిషి వైపు నుంచి చూస్తేనే అవుతారు. ఆ మూడో మనిషి ఎవరో వార్తలో లేకపోతే చదివేవాడికి ఏమీ తెలియదు. ‘నిందితుడి బావ’, ‘మృతుడి బావ’ అని ఎవరి తరఫో చెప్పి తీరాలి. ‘బావ భార్య’ లాంటి మాటను ఎక్కడా వాడకపోవడమే మంచిది. మాట్లాడేది ఆడమనిషయితే, భర్త అన్నగారి భార్య తోడికోడలు. అక్క మొగుడి భార్య అంటే సొంత అక్కే.

పేరుకు, పిలుపుకు ఉన్న తేడా కూడా చూడాలి. ఆడపడుచు, తోడికోడలు, తోడల్లుడు, వియ్యంకుడు, వియ్యపురాలు అనేవి చెప్పుకునే పేర్లు, పిలిచేవి కావు. ‘ఏమండీ వియ్యంకుడుగారూ’ అని ఎవరైనా అన్నారంటే వేళాకోళానికే. పెద్దాడపడుచును వదినా అంటారు, తోడికోడలిని అక్కా అనో పేరు పెట్టో, తోడల్లుణ్ని అన్నయ్యా అనో తమ్ముడూ అనో పిలుస్తారు. వియ్యంకులు ఒకరినొకరు బావగారూ అనుకుంటారు, వియ్యపురాళ్లు వదినగారూ అనుకుంటారు. పెళ్లికొడుకు తండ్రి పెళ్లికూతురి తల్లితో మాట్లాడితే ‘చెల్లెమ్మా’, ఆమె ఆయనను ‘అన్నయ్యగారూ’. ఇదీ పైన చెప్పిన లెక్క ప్రకారమే. సాక్షి మాటలను ఉటంకించేటప్పుడు పిలుపు ఉంచాలి, కథనంలో పేరు రాయాలి. సాక్షి ‘మా అన్నయ్యే డబ్బులు తీసుకెళ్లాడు’ అన్నప్పుడు ఆ అన్నయ్య తోడబుట్టినవాడా, పెదనాన్న కొడుకా, ఆడపడుచు మొగుడా అని విలేకరి ఇంకో ప్రశ్న అడగకపోతే తప్పు అక్కడే మొదలవుతుంది.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైన మాట ‘మరదలు’. ‘మరదలిని పెళ్లాడిన వ్యక్తి’ అని వార్త వచ్చిందనుకోండి. ఆమె భార్య చెల్లెలు కావచ్చు, తమ్ముడి భార్య కావచ్చు, మేనమామ కూతురో మేనత్త కూతురో కావచ్చు. హిందూ వివాహ చట్టం, 1955 ప్రకారం ఈ మూడింటికీ మూడు జవాబులు. భార్య చెల్లెలు నిషిద్ధ బంధుత్వాల జాబితాలో లేదు. భార్య చనిపోయాకో, విడాకుల తర్వాతో ఆమెను చేసుకుంటే అడ్డులేదు; భార్య ఉండగా చేసుకుంటే అది రెండో పెళ్లి నేరం, న్యాయ సంహిత 82వ సెక్షన్. తమ్ముడి భార్యగా ఉన్న స్త్రీ మాత్రం జాబితాలో ఉంది. తమ్ముడు పోయాక చేసుకున్నా, ఇరువైపుల ఆచారం ఒప్పుకుంటే తప్ప ఆ పెళ్లి చెల్లదు. అన్న భార్య, అంటే వదిన విషయంలోనూ అంతే. మేనమరదలు కూడా జాబితాలో ఉన్నదే, అన్నాచెల్లెళ్ల పిల్లలన్న పద్దు కింద. కాకపోతే ఇక్కడ ఆచారం మినహాయింపు పనికొస్తుంది కాబట్టే తెలుగునాట మేనరికాలు చెల్లుతున్నాయి. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద రిజిస్టర్ చేసుకునేవారికి ఈ మినహాయింపు అంత తేలిగ్గా దొరకదు. అక్కడ ఆచారం అంటే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫై చేసినదే. ‘మరదలు’ అని ఒక్క ముక్కలో రాస్తే, జరిగింది మామూలు మేనరికమా, చెల్లని పెళ్లా, శిక్ష పడే నేరమా అన్నది తెలియకుండా పోతుంది. భార్య చెల్లెలు, తమ్ముడి భార్య, మేనమామ కూతురు అని విడదీసి రాస్తే పట్టే జాగా ఒక్క మాటే ఎక్కువ.

మీ పన్ను సలహాల శీర్షికలో ‘బంధువులు ఇచ్చే బహుమతులపై పన్ను లేదు’ అన్న వాక్యం తరచూ వస్తుంది. బంధువు ఎవరో ఆదాయపు పన్ను చట్టం తన లెక్కలో తాను చెప్పుకుంది. అది మన వరుసలతో పూర్తిగా కలవదు. భార్యాభర్తలు, తోబుట్టువులు, భార్య లేదా భర్త తోబుట్టువులు, అమ్మానాన్నల తోబుట్టువులు, నేరుగా పై తరాలవారు, కింది తరాలవారు, భార్య లేదా భర్త తరఫున అలాంటివారు, వీళ్లందరి జీవిత భాగస్వాములు. జాబితా ఇంతటితో సరి. దీని ప్రకారం మామ, అత్త, అల్లుడు, కోడలు, బావమరిది, మరిది, ఆడపడుచు, వదిన, తోడల్లుడు, తోడికోడలు అందరూ బంధువులే. మేనమామ, మేనత్త, వాళ్ల భాగస్వాములూ బంధువులే. వియ్యంకుడు మాత్రం కాదు! కొడుకు మామగారు ఇల్లు కట్టుకోవడానికని వియ్యంకుడికి ఏడాదిలో 50,000 రూపాయలు దాటి ఇస్తే ఆ మొత్తం పుచ్చుకున్నాయన ఆదాయంలో కలుస్తుంది. పెళ్లి సందర్భంగా వచ్చే కానుకలకు మినహాయింపు ఉంది కదా అంటే, అది పెళ్లికొడుకు, పెళ్లికూతుళ్లకే గానీ వాళ్ల తల్లిదండ్రులకు కాదు. (ఆ ఇచ్చేది కట్నమే అయితే, పన్ను మాట అలా ఉంచి, 1961 నాటి వరకట్న నిషేధ చట్టం కింద అసలు ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలే.) మేనబావ, మేనమరదలు కూడా ఈ జాబితాలో లేరు. ఇంకో విచిత్రం ఏమిటంటే మేనమామ మేనల్లుడికి ఇస్తే పన్ను లేదు, మేనల్లుడు మేనమామకు ఇస్తే ఉంది. ఎందుకంటే పుచ్చుకునేవాడి వైపు నుంచి చూడాలి. మేనల్లుడికి మేనమామ తల్లి తోబుట్టువు, జాబితాలో ఉన్నాడు. మేనమామకు అక్క కొడుకు జాబితాలో ఎక్కడా లేడు. శీర్షికలో ‘బంధువులు’ అని వదిలేయకుండా జాబితాలో లేని ఈ నలుగురినీ చుట్టరికం పేర్లతో రాస్తే పాఠకుడికి నోటీసు బాధ తప్పుతుంది.

విలేకరి ఫోన్లో దొరికితే అడగాల్సినవి మూడే. ఎవరి ద్వారా చుట్టరికం, భార్య తరఫా, భర్త తరఫా, తోబుట్టువు తరఫా? ఆ మధ్య మనిషి కన్నా పెద్దా చిన్నా? తోడబుట్టినదా, వరుసకా? మూడింటికీ జవాబొస్తే సరైన పేరు దానంతటదే వస్తుంది. విలేకరి దొరకకపోతే ఊహించి వరుస కట్టొద్దు, దారి రాయండి: ‘భార్య సోదరుడు’, ‘భర్త సోదరి’, ‘సోదరుడి భార్య’. సోదరుడు, సోదరి అన్న మాటల్లో పెద్దా చిన్నా తేలదు కాబట్టి ఇలాంటప్పుడు అవే అక్కరకొస్తాయి. విడాకులైన జంట విషయంలోనూ దారి రాయడమే మేలు. ‘మాజీ ఆడపడుచు’ అన్నది చదవడానికే ఎబ్బెట్టు, ‘మాజీ భర్త చెల్లెలు’ అంటే సరిపోతుంది. భర్త చనిపోయిన ఆమెకు మరిది మాజీ కాడు, మరిదే. ‘సవతి సోదరుడు’ అన్నది కూడా రెండు రకాలకు వాడుతున్నారు. తండ్రి ఒకడై తల్లులు వేరైనవాళ్లకు ఒక ముక్క, రక్తసంబంధమే లేనివాళ్లకు ఇంకో ముక్క రాసి విడదీయాలి.

తెలంగాణ ఎడిషన్ల గురించి ఒక మాట. అక్కడి ఇళ్లలో తోడికోడలు యారాలు, తోడల్లుడు సడ్డకుడు, ఆడపడుచు ఆడబిడ్డ. వీటిని డెస్కులో ‘దిద్ది’ కోస్తా మాటలు పెట్టడం ఎందుకు? జిల్లా పేజీ చదివేవాళ్లకు యారాలు అంటే ఎవరో చెప్పాల్సిన పనిలేదు. ఆడబిడ్డ విషయంలోనే కాస్త మెలకువ కావాలి. ఆడపిల్ల అన్న అర్థమూ ఉంది, భర్త సోదరి అన్న అర్థమూ ఉంది. ‘ఆడబిడ్డపై దాడి’ అన్న శీర్షికను ఒకరు పసిపిల్ల గురించి అనుకుంటారు, ఒకరు కుటుంబ గొడవ అనుకుంటారు. కోస్తాలో ఆడపడుచుకూ ఇదే ఇబ్బంది. ‘ఆడపడుచులకు చీరలు’ అంటే ఊళ్లో ఆడవాళ్లందరికీ, ‘ఆడపడుచు కట్నం’ అంటే పెళ్లికొడుకు అక్కచెల్లెళ్లకు.

చివరగా శ్రద్ధాంజలి ప్రకటనలు. వార్తల్లో తప్పు రేపటికి సవరణ వేయొచ్చు. పోయినవారి ఫొటో కింద పడిన తప్పును ఆ ఇంట్లో కత్తిరించి దాచుకుంటారు. ‘కోడలులు’, ‘అల్లుడులు’, ‘బావమరిదిలు’ అని వస్తున్నాయి. కోడళ్లు, అల్లుళ్లు, మరదళ్లు, తోడికోడళ్లు, తోడల్లుళ్లు, మరుదులు, బావమరుదులు, వియ్యంకులు, వియ్యపురాళ్లు, మనుమలు, మనుమరాళ్లు అన్నవి సరైన రూపాలు. జంటగా రాసేటప్పుడు కుమారుల పక్కన కోడళ్లు, కుమార్తెల పక్కన అల్లుళ్లు అదే క్రమంలో రావాలి. పేర్లు అడ్డదిడ్డంగా పడితే ఎవరి భార్య ఎవరో బయటివాళ్లకు తెలియదు. ప్రకటన తీసుకునే కౌంటర్లోనే పేరు పేరునా ఎవరి భార్యో, ఎవరి భర్తో అడిగి జత కట్టుకుని, ప్రూఫ్‌ను ఇంటివాళ్లలో ఒకరికి చూపించి సంతకం తీసుకోవాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు